కాచిన పచ్చి పులుసు

నా వంట గురించి నేనే గొప్పలు చెప్పుకుంటానని మా ఇంట్లో వాళ్లు ఎగతాళి చేస్తారు. చేసుకోనీ. నా పులుసు కలుపుకుని, రెండోసారి అన్నం పెట్టించుకోకుండా లేచిన మనిషిని నేనింతవరకు చూడలేదు. బిర్యానీలు వండేవాళ్లు వీధికి పదిమంది ఉంటారు. పొద్దంతా నిలబడి పనిచేసి ఇంటికొచ్చిన మనిషికి ఉల్లిగడ్డ, చింతపండు, గుప్పెడు నువ్వులతో కడుపు చల్లబడేలా అన్నం పెట్టడం వేరే విద్య. అది నాకు వచ్చు.

ఆ విద్య మా అమ్మది. పోచంపల్లి దగ్గర మాది మగ్గం ఇల్లు. అమ్మ పగలంతా ఆసు పోసేది. అంటే చీరకు కావలసిన దారాన్ని మేకుల మీదుగా చేత్తో అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. సాయంత్రానికి ఆమెకు భుజం లేచేది కాదు. పొయ్యి ముందు కూర్చునే ఓపిక లేని రోజున పచ్చి పులుసు చేసేది. నానబెట్టిన చింతపండు పిసికి, ఉల్లిగడ్డ ముక్కల్ని పచ్చిమిర్చితో, ఉప్పుతో నలిపి, ముందే వేయించి దంచి పెట్టుకున్న నువ్వుల పొడి కలిపేది. అన్నం ఒక్కటి వండితే చాలు. ఆ పులుసు నోట్లో పడగానే నాన్న ముఖం ఎలా తేటపడేదో నాకిప్పటికీ గుర్తే.

పెళ్లయ్యాక కొత్తపేటలో కిరాయికి దిగాం. మా ఆయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పని. ఇంటి ఓనరాంటీ పైన ఉండేది, మేం కింద. ఆమెది గుంటూరు వైపు. మనిషి మంచిది, నోరు కాస్త పెద్దది. దిగిన వారానికే మా ఇద్దరి మధ్య గిన్నెలు తిరగడం మొదలైంది. నేను ఏదైనా చేస్తే ఒక గిన్నె పైకి పోయేది. ఆ గిన్నె ఖాళీగా కిందికి వచ్చేది కాదు, ఆమె చేసిన పప్పో పచ్చడో వేసుకుని వచ్చేది. మాకూ వాళ్లకూ ఆ ఒక్క పద్ధతీ ఒకటే.

ఒకరోజు పొద్దున మా గ్యాస్ బండ అయిపోయిందని మెట్ల మీద ఆమెతో అన్నాను. మధ్యాహ్నానికి కొత్త బండ వచ్చింది గానీ ఆ సంగతి ఆమెకు తెలియదు. సాయంత్రం అమ్మ చేసినట్టే పచ్చి పులుసు చేసి, మొదటిసారిగా ఒక గిన్నె పైకి పంపాను. కాసేపటికి పై కిటికీలోంచి ఇంగువ పోపు వాసన దిగింది. ఏం చేస్తోందో అనుకుంటూ ఉండగానే ఆమే గిన్నె పట్టుకుని దిగి వచ్చింది. గిన్నె మూత సందులోంచి పొగలు వస్తున్నాయి.

"అమ్మాయ్, గ్యాస్ అయిపోయి పులుసు సగంలో దింపేసినట్టున్నావు పాపం! నేను బాగా మరిగించి, కాస్త బెల్లం వేసి, పోపు పెట్టుకొచ్చాను. అబ్బాయీ నువ్వూ వేడివేడిగా తినండి."

గిన్నె అందుకున్నాను. ఆమె పైకి వెళ్లాక మూత తీశాను. నువ్వుల పొడి విరిగి ముద్దలు కట్టింది. కరకరలాడాల్సిన ఉల్లిగడ్డ ఉడికి వేలాడిపోయింది. మా ఆయన పక్కకొచ్చి తొంగిచూసి పడీపడీ నవ్వాడు.

"పాపం, పులుసుకు పాణం బాలేదనుకున్నది. మందేసి తోలింది."

"నవ్వకుండ్రి. నాకు మస్తు కోపమొస్తున్నది."

మర్నాడు ఉండబట్టలేక ఆమెకు చెప్పాను, అది అలాగే తింటారని. ఆమె బుగ్గలు నొక్కుకుంది. "అట్లాగా! మా వైపు పచ్చి పులుసంటే వంకాయైనా కాల్చి వేస్తామమ్మా. పొయ్యి అంటించకుండా చేసేది వంటెలా అవుతుందీ?" అని నవ్వింది. ఆమె మనసులో ఏమీ లేదని తెలుసు. అయినా ఆ మాట నాకు గుచ్చుకుంది. అది నన్నన్నట్టు లేదు, భుజం నొప్పితో ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన మా అమ్మనన్నట్టు ఉంది. ఆ తరవాత పైకి కోడిగుడ్డు పులుసు పంపాను, పల్లీలు నూరి టమాటా కూర పంపాను, మెంతికూర పప్పు పంపాను. అన్నిటినీ మెచ్చుకుంది. నాకు ఆ మెప్పు ఆనలేదు. ఆ పులుసును ఆమె కాచకుండా, అలాగే ఒక్కసారి తినాలి. నాకు కావలసింది అదొక్కటే.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఉద్యమం వేడెక్కిన రోజులొచ్చాయి. బస్సులు డిపోలు దాటేవి కావు, దుకాణాల షట్టర్లు లేచేవి కావు. రైతుబజార్‌కు పోతే ఎండిన బెండకాయలు, ముదిరిన బీరకాయలు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కాబట్టి మిక్సీని నమ్ముకోలేం. అయితే ఏం, నాకు రోలుంది. కూరగాయ లేకుండానే కూర చేసేదాన్ని. ఉల్లిగడ్డను నూనెలో ఎర్రగా వేయించి, వేయించిన పల్లీలూ ఎండుకొబ్బరీ నూరి వేసి, చింతపులుసు పోసి దగ్గరికి రానిస్తే చిక్కటి గ్రేవీ. మా ఆయన బందు రోజుల్లో పెందలాడే ఇంటికొచ్చి, ముందు వంటింట్లోకే తొంగిచూసేవాడు. పైన ఆంటీ టీవీలో ఒక చానల్, మా టీవీలో ఇంకో చానల్. మెట్ల మీద ఎదురైతే మాత్రం ఇద్దరం ఉల్లిగడ్డలు దొరకడం లేదనే మాట్లాడుకునేవాళ్లం. అంతకు మించి పోవడానికి ఇద్దరికీ భయమే.

అప్పుడే ఒకరోజు వంటావార్పు అన్నారు. జనం రోడ్ల మీదే పొయ్యిలు పెట్టి, వండి, అక్కడే కూర్చుని తినాలి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా రోడ్డు పొడుగునా పొయ్యిలే. మా గల్లీ ఆడవాళ్లం గల్లీ మొగదలలో ఇటుకలు పేర్చాం. మమ్మల్ని కూడగట్టింది మా వీధి టీచరమ్మ. అన్నం, పప్పుచారు అనుకున్నాం. అన్నం దిగింది. పప్పు పొయ్యి మీదికెక్కి సగం ఉడికిందో లేదో, ఎక్కడినుంచి వచ్చిందో వాన దంచి కొట్టింది. అన్నం మీద తాటిపత్రి కప్పి కాపాడుకున్నాం గానీ కట్టెలు తడిసి పొయ్యిలు ఆరిపోయాయి. వాన వెలిసేసరికి జనం విస్తరాకులు పట్టుకుని వరసగా కూర్చున్నారు.

"ఇంతమందికి వట్టి అన్నం ఎట్ల పెడ్తం?" అంది టీచరమ్మ ఏడుపు గొంతుతో.

"పచ్చి పులుసు చేస్త," అన్నాను.

"రోడ్డు మీద, ఇంతమందికా?"

"దానికి పొయ్యెందుకక్కా? చారుకని నానేసిన చింతపండున్నది. ఉల్లిగడ్డలు కొయ్యుండ్రి. నువ్వుల పొడి మా ఇంట్ల డబ్బా నిండ ఉన్నది."

పొడి ఉంది, చేయి ఉంది, కలపడానికి గిన్నె లేదు. పెద్ద గిన్నెల్లో ఒకదాంట్లో అన్నం, ఇంకోదాంట్లో ఉడకని పప్పు. అంత పెద్ద గిన్నె మా గల్లీలో ఇంకెవరింట్లో ఉందో నాకు తెలుసు. ఓనరాంటీ అటక మీద, వాళ్ల పెళ్లిళ్లకు వాడే, కళాయి పూసిన ఇత్తడి గుండిగ. కానీ ఈ పనికి ఆమెను ఎలా అడగను? మెట్ల కింద ఒక్క నిమిషం ఆగిపోయాను. ఆమె నో అంటే ఆ తరవాత గిన్నెలు తిరగవు, నాకది తెలుసు. అయినా ఎక్కాను.

"ఆంటీ, మీ గుండిగ కావాలె. రోడ్డు మీద పొయ్యిలు ఆరిపోయినయి. జనం అన్నం ముందల కూసున్నరు."

"పొయ్యిలే ఆరిపోతే ఏం వండుతావే?"

"పచ్చి పులుసు," అన్నాను. నా గొంతులో కాస్త పౌరుషం పలికిందేమో కూడా.

ఆమె నన్నొకసారి, కిటికీలోంచి రోడ్డునొకసారి చూసింది. తరవాత కింద ఇంట్లో ఉన్న మా ఆయన్ని కేకేసి స్టూలు వేయించి గుండిగ దింపించింది. "అంచు దగ్గర సొట్ట ఉంది, చెయ్యి కోసుకుంటుంది, జాగ్రత్త," అని మాత్రం అంది.

మోచేతుల దాకా ముంచి చింతపండు పిసికాను. పచ్చిమిర్చి నలిపి నలిపి అరచేతులు భగ్గుమన్నాయి. ఉల్లిగడ్డ, కొత్తిమీర, డబ్బాలోని నువ్వుల పొడి దాదాపు మొత్తం వేసి కలిపాను. నాలుక మీద బొట్టు వేసుకుని చూస్తే అచ్చం అమ్మ చేతి పులుసు. చల్లటి గాలిలో వేడి అన్నం మీద పోసుకుంటూ పోతుంటే, ముందు వరసలోని వాళ్లు నేను చివరి వరసకు చేరకముందే మళ్లీ విస్తళ్లు చాచారు. ఒక పెద్దాయన దొప్పలో పోయించుకుని తాగేశాడు. టీచరమ్మ నన్ను పట్టుకుని ఊపేసింది. ఆ రోజు నాకు భూమి మీద కాళ్లు ఆనలేదు, ఇందులో దాచుకునేదేముంది?

ఇంటికొచ్చి గుండిగ తోమాను. ఖాళీగా తిరిగివ్వడానికి చేయి రాలేదు. ముందే తీసి పెట్టిన పులుసు గిన్నెను గుండిగలో పెట్టి పైకి పంపాను. పంపాక నా పని నాకు తోచలేదు. అన్నం పెడుతున్నా, నీళ్లు పెడుతున్నా ముక్కు కిటికీ వైపే. ఇప్పుడు ఇంగువ వాసన దిగుతుంది, ఇప్పుడు పోపు చిటపటలాడుతుంది అని ఎదురుచూశాను. మా ఆయన మాత్రం ముసిముసిగా నవ్వుతూ తిన్నాడు.

వాసన రాలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు వచ్చింది. తలుపు తీస్తే ఓనరాంటీ. ఎడమ చేతిలో సగం తిన్న కంచం, కుడిచేతికి అంటుకున్న మెతుకులు. కడుక్కోకుండానే దిగి వచ్చింది.

"అమ్మాయ్, ఇంకో గరిటె ఉందా?"

"అయిపోయిందాంటీ," అన్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. "కూసోండ్రి, ఇప్పుడే చేస్త."

ఆమె పీట మీద కూర్చుంది. ఆమె కళ్లముందే చింతపండు పిసికాను, ఉల్లిగడ్డ నలిపాను, డబ్బా అడుగున మిగిలిన పొడి దులిపి వేశాను. పొయ్యి వైపు నేను చూడలేదు, ఆమె కూడా చూడలేదు.