తొమ్మిదో షరతు

కరీంనగర్‌లో నేను ఉండే గదికి నా జీతంలో సగం పోతుంది. రెండంతస్తుల పైన, డాబా మీద కట్టిన ఒంటి గది. ఎండాకాలం పొయ్యిలో కూర్చున్నట్టు ఉంటుంది, వానాకాలం తలుపు కింద నుంచి నీళ్ళు వస్తాయి. ఇచ్చోడలో మా బాపు కట్టిన ఇల్లు ఉన్నది. రెండు గదులు, ముందు అరుగు, వెనుక పెరడు, పెరట్లో బావి. ఆ ఇంటికి ఎవరికీ కిరాయి కట్టక్కరలేదు. ఈ సంగతి తెలిసినవాళ్ళందరూ ఒకటే అడుగుతారు, అంత ఇల్లు పెట్టుకుని ఇక్కడెందుకు పడి ఉన్నావని. ఒకరికి పని ఉందని చెప్పేదాన్ని, ఇంకొకరికి దవఖానా దగ్గరని చెప్పేదాన్ని. అవన్నీ నిజాలే, కాని అసలు కారణం వేరే.

నా భర్త పోయిన తర్వాత ఇచ్చోడలో నాలుగేళ్ళు ఉన్నాను. పొద్దున పత్తి చేనుకు పోతుంటే ఎదురొచ్చేవాళ్ళు నన్ను చూసి ఆగేవాళ్ళు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, నేను దాటిపోయాక లేచి నడిచేవాళ్ళు. కొందరైతే మళ్ళీ ఇంటికి పోయి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి బయలుదేరేవాళ్ళు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నాకు జ్వరమొస్తే గంజి కాచి తెచ్చింది వాళ్ళే. పొద్దున మాత్రం నా ముఖం వాళ్ళకు ఎదురు రాకూడదు. కరీంనగర్ బస్టాండులో దిగిన రోజు ఒక్కసారిగా వందమంది నాకు ఎదురొచ్చారు. ఒక్కరూ ఆగలేదు. ఒకామె నా భుజాన్ని గుద్దుకుని తిట్టుకుంటూ పోయింది. నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

ఆడపిల్లల హాస్టల్‌లో వంటకు కుదిరాను. అక్కడే నలభై ఆరేళ్ళ వయసులో అక్షరాలు నేర్చుకున్నాను. మధ్యాహ్నం గిన్నెలు కడిగాక డిగ్రీ చదివే ఒక పిల్ల నన్ను పక్కన కూర్చోబెట్టుకునేది. పాత పరీక్ష కాగితాల వెనుక రాయించేది. నేను మొదట రాసిన మాట కందిపప్పు. ఆ డబ్బా ఎదురుగా ఉంది కాబట్టి దానితోనే మొదలుపెట్టాం. చింతపండు, జీలకర్ర, ఉప్పు, ఆ తర్వాత నా పేరు. నా పేరులో వంకరలు ఎక్కువ. వారం రోజులు పట్టింది.

ఈ గది మాట్లాడుకున్నప్పుడు ఓనరమ్మ స్టాంపు కాగితం మీద తన చేత్తో రాసిన షరతులు తెచ్చింది. రెండు పేజీలు. "సదువుకో" అని నా చేతికిచ్చింది. పైన రెండు లైన్లు చదివాను. కరెంటు బిల్లు, నీళ్ళ మోటారు. మిగతాది చదవాలంటే నాకు గంట పట్టేది. ఆమె నిలబడి ఉంది. చదివానని చెప్పి సంతకం పెట్టాను. ఒక్కో అక్షరం చూసుకుంటూ, పెన్ను ఎత్తి దించుతూ. "ముద్దుగున్నది సంతకం" అన్నది ఆమె. ఆ రోజంతా ఆ మాటే తలచుకుంటూ వంట చేశాను.

వేలిముద్ర వేసే రోజుల్లో నేను ఏ కాగితాన్నీ వినకుండా వదిలేదాన్ని కాదు. ఎవరినో ఒకరిని పట్టుకుని మొత్తం చదివించుకున్నాకే వేలు ఆనించేదాన్ని. సంతకం వచ్చిన తర్వాత ఇంకొకరిని అడగడానికి సిగ్గేసింది. నా చదువు నాకు చేసిన మొదటి మేలు అది.

మా అక్క నాకంటే ఆరేళ్ళు పెద్దది. మొగుడితో పడక చిన్న వయసులోనే పుట్టింటికి వచ్చేసింది, ఇచ్చోడ ఇంట్లో అవ్వను, బాపును వాళ్ళు పోయేదాకా చూసుకున్నది. పోయినేడు వానాకాలంలో ఆమెకు ఆయాసం మొదలైంది. కాళ్ళు వాచాయి. ఆదిలాబాద్‌లో చూసిన డాక్టరు గుండె బలహీనమైందని, పెద్ద డాక్టరుకు చూపించమని రాసిచ్చాడు. నా గది ఉంది కాబట్టి కరీంనగర్ తీసుకొచ్చాను. మెట్లు ఎక్కడానికి అరగంట పట్టింది. మధ్యలో నాలుగుసార్లు కూర్చున్నది.

"నలభై రెండు మెట్లే. పైసలిచ్చి మెట్లు కొనుక్కున్నవా చెల్లె?"

"దవఖాన పది నిమిషాలే అక్కా ఇక్కణ్ణుంచి."

"దవఖాన దగ్గర్నే ఉన్నది. ఇల్లే దూరమున్నది."

వచ్చిన మూడో రోజు నేను కొత్తిమీర కట్ట తెస్తే చేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. "గింత దానికి పది రూపాయలా? ఊర్ల మేకలు తింటయి గిది."

"ఊర్ల మేకలకు డాక్టర్ లేడు గదా."

"మేకలకు గుండెనొప్పి ఎందుకొస్తదే. అవి కిరాయిండ్ల ఉండయి."

మందులు పనిచేశాయి. కాళ్ళ వాపు తగ్గింది. సాయంత్రాలు డాబా మీద చాప వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆమె ఇచ్చోడ గురించి చెప్పేది, నేను కరీంనగర్ గురించి చెప్పేదాన్ని. ఇద్దరం సంతలో బేరమాడుతున్నట్టు ఉండేది. ఇక్కడ నీళ్ళు క్యానులో కొనాలని ఆమె అంటే, అక్కడ బావి ఎండాకాలం అడుగంటుతుందని నేను. అక్కడ అడగకపోయినా నలుగురు వచ్చి పలకరిస్తారని ఆమె. అడగకపోయినా వస్తారనే కదా వదిలొచ్చానని నేను. ఆ మాట దగ్గర ఆమె బేరం వదిలేసేది. నన్ను చూసి జనం వంగడం ఆమె అరుగు మీద నుంచి చూసినదే.

చలికాలంలో మళ్ళీ తిరగబెట్టింది. నాలుగు రోజులు దవఖానాలో ఉంచారు. పంపేటప్పుడు డాక్టరు ఊరికి మాత్రం తీసుకుపోవద్దన్నాడు. ఆయాసం వచ్చినప్పుడు వెంటనే తీసుకొస్తే ఏమైనా చేయగలమని, ఇక్కడే ఉంటే ఇంకొన్నాళ్ళు లాగుతుందని చెప్పాడు. అక్క పక్కనే కూర్చుని విన్నది.

ఆ వారంలోనే ఓనరమ్మ పైకి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ఆమె పైకి రావడం చాలా అరుదు. తలుపు దగ్గరే నిలబడి, "మీ అక్క పానం ఎట్లున్నది?" అన్నది. కొంచెం నయమన్నాను.

"నయమే గాని, ఊరికి తీస్కపోరాదా. జర ఆలోచించు. కాయితం మీద రాసుకున్నదే గద మనం."

ఏం రాసుకున్నామో నాకు తెలియదు. తెలియదని చెప్పలేను. తలూపాను. ఆమె దిగిపోయాక పెట్టెలో చీరల కింద నుంచి కాగితం తీసి చాప మీద పరిచాను. వేలు పెట్టుకుని ఒక్కో మాట కూడబలుక్కుంటూ పైకే చదువుతున్నాను. అక్క మంచం మీద నుంచి వింటోంది. ఎనిమిది షరతులు గోడలకు మేకులు కొట్టడం గురించి, చెత్త గురించి. తొమ్మిదో దాన్ని లోపలే చదువుకున్నాను. పదో దానికి పోయాను.

"నీ ఏలు ఆడ ఆగింది" అన్నది అక్క. "నోరు దుంకింది గాని ఏలు దుంకలే. ఆడ ఏమున్నదో సదువు."

చదివాను. కిరాయిదారు ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికి వచ్చే జబ్బు చేస్తే ముందుగానే గది ఖాళీ చేయవలెను. ఎక్కడ చనిపోయినా శవమును గేటు లోపలికి తేరాదు.

 "మంచిగ రాసింది" అన్నది అక్క. "ఓనరమ్మ పంతులమ్మగ చేసిందా ఏంది ఎన్నడన్న?"

నేను కిందికి పోయి ఓనరమ్మను అడిగాను. గొడవ పెట్టుకుందామనే పోయాను. ఆమె కోపగించుకోలేదు. కుర్చీ చూపించింది.

"నీకు ముందు పైగదిల ఒకాయన సచ్చిపోయిండు. నక్షత్రం మంచిది కాదన్నరు. అయ్యగారు పంచాంగం జూసి ఆర్నెల్లు తాళమేయమన్నడు. మెట్లు ఒక్కటే గదా అని కిందోళ్ళు గూడ ఖాళీ చేసి పోయిండ్రు. నాకు గీ కిరాయిలు తప్ప ఇంకేమున్నది? ఆర్నెల్లు ఏం తిన్ననో ఎవలన్న అడిగిండ్రా?"

చెడు నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంటిని కొన్ని నెలలు విడిచిపెడతారు. ఇచ్చోడలో నేనూ చూసినదే. సొంతిల్లయితే చుట్టాలింటికి పోయి ఉంటారు. కిరాయి ఇల్లయితే నష్టం ఇంటివాళ్ళది. ఆమె చెప్పినదాంట్లో నాకు అబద్ధం కనబడలేదు. అదే నాకు ఎక్కువ కష్టమైంది.

"దవఖానలనే పోతే?"

"అటునుంచి అటే తీస్కపోండ్రి. ఇక్కడ దించద్దు."

"గేటు బయట దించితే?"

"గేటు బయట రోడ్డున్నది. రోడ్డు నాది గాదు. నేనెందుకు వద్దంట?"

వారం రోజులు హాస్టల్ పని అయ్యాక వేరే గది కోసం తిరిగాను. ఎక్కడికి పోయినా ఇంట్లో ఎందరని అడిగేవాళ్ళు, ఆ తర్వాత ముసలివాళ్ళు ఉన్నారా అని అడిగేవాళ్ళు. ఒకాయన అయితే షరతుల కాగితం ముందే జిరాక్సు తీసి పెట్టుకున్నాడు. ఆ ఒక్క షరతు కోసం వెతికాను. అందులో అది ఏడోది.

ఊళ్ళో నన్ను చూసి వంగినవాళ్ళ భయం ఇక్కడ ఉండదనుకుని వచ్చాను. ఇక్కడ దాన్ని కాగితం మీద రాసి, నా చేతనే సంతకం పెట్టించుకున్నారు. తేడా అంతే.

ఆ ఆదివారం అక్క తల దువ్వించుకుంటూ అడిగింది. "గీ ఊర్ల నేను సస్తే నాకు తానం ఎక్కడ పోస్తవే?"

నేను దువ్వుతూనే ఉన్నాను.

మా ఇళ్ళలో పోయినవాళ్ళను ఇంటి ముందుకు తెచ్చి, ఇంట్లో పొయ్యి మీద కాచిన నీళ్ళతో స్నానం చేయిస్తారు. సొంతవాళ్ళే పోయాలి. ఆ నీళ్ళు పడకుండా పోయినవాళ్ళను దిక్కులేనివాళ్ళంటారు. మా అవ్వకు మేమిద్దరం ఆ అరుగు ముందే పోశాం. అక్క తల పట్టుకుంటే నేను చెంబుతో పోశాను.

"సచ్చుడు ముచ్చట ఎందుకక్కా. డాక్టర్ మంచిగైతదన్నడు."

"మంచిగైతదనలే. ఇంకొన్నాళ్ళు లాగుతదన్నడు. నేను గూడ విన్న." తల వెనక్కి తిప్పి, "గా కొన్నాళ్ళు తీస్కొని రోడ్డు మీద ఏం చేస్కుంట?" అన్నది.

నేను వద్దన్నాను. డాక్టరు మాట, మందుల మాట, దారి బాగాలేదని, అన్నీ చెప్పాను. చెబుతుంటే నాకే తెలుస్తోంది, అందులో సగం ఆమె కోసం కాదని. ఇచ్చోడకు పోతే నేనూ పోవాలి. ఆ పొద్దుటి దారి, ఆ వంగే వీపులు. పదేళ్ళుగా కిరాయి కట్టి తప్పించుకున్నవన్నీ ఊరికే నా కోసం కూర్చుని ఉన్నాయి. ఆమె ఆయుష్షు గురించి మాట్లాడుతూ నేను నా సుఖం గురించి బేరమాడాను. ఆమెకు అది తెలుసు. అయినా ఊరికి పోదామన్న మాట వదల్లేదు.

కారు మాట్లాడుకుని పోయాం. హాస్టల్‌లో సెలవు పెట్టాను. గది ఖాళీ చేశానని అక్కతో చెప్పాను. ఇచ్చోడలో రెండో రోజు ఆమె మంచం మీద పడుకుని నన్ను చూస్తూ అడిగింది.

"గది తాళంచెవి ఇచ్చేసినవా?"

"ఇచ్చేసిన."

"నీ కొంగుకు ఉన్నదేందే మరి?"

నేను కొంగు వెనక్కి వేసుకున్నాను. ఆమె నవ్వింది. "ఫికర్ చెయ్యకు తియ్. నువ్వు పోవాల్సినదానివే. నేనేమన్న నిన్ను పట్టుకొచ్చిన్నా?"

పాలకు పోయిన మొదటి పొద్దుననే ఒకాయన ఎదురొచ్చి చెప్పు సరిచేసుకున్నాడు. పదేళ్ళలో చెప్పు మారింది, వంగడం మారలేదు.

ఐదు వారాలకు ఒక మధ్యాహ్నం అక్కకు ఊపిరి అందలేదు. పత్తి ఏరే రోజులు కావడంతో ఊళ్ళో ఆటోలన్నీ కూలీలతో చేన్ల దగ్గర ఉన్నాయి. అంబులెన్సుకు ఫోన్ చేస్తే నిర్మల్ వైపు పోయింది, తిరిగొస్తుందన్నారు. రోడ్డు మీదికి పరుగెత్తి లారీలకు చేయి ఊపాను. ఒక లారీ ఆగింది. దాన్ని ఇంటి దాకా తెచ్చేసరికి అక్క లేదు. కరీంనగర్‌లో దవఖానాకు పది నిమిషాల దూరంలో ఉన్న గదికి నేను అప్పటికీ కిరాయి కడుతూనే ఉన్నాను.

అరుగు ముందు నీళ్ళు పోశాం. నన్ను చూసి పక్కకు తిరిగే ఆడవాళ్ళే కట్టెలు తెచ్చారు, బావిలో నీళ్ళు చేదారు. ఒకామె అక్క తల పట్టుకున్నది, నేను పోశాను. ఆమె కోరుకున్నది జరిగింది. దానికి ఎన్ని రోజులు ఖర్చయ్యాయో డాక్టరును నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

దినాలయ్యాక మా ఆచారం ప్రకారం వేములవాడ గుడిలో ఒక నిద్ర చేశాను. చావు జరిగిన ఇంటివాళ్ళు అలా నిద్ర చేశాకే ఇంకొకరి గడప తొక్కుతారు. తోడు వచ్చిన ఆడవాళ్ళు ఇచ్చోడ బస్సెక్కారు. నేను కరీంనగర్ బస్సెక్కాను.

ఓనరమ్మ గేటు దగ్గరే ఉంది. గడియ తీయకుండా అడిగింది.

"నిద్ర చేసినవా?"

"చేసిన."

"యాడ?"

"వేములవాడల."

గడియ తీసింది. "మీ అక్క మంచిది. చెప్పిన మాట విన్నది" అన్నది. మంచిగా అనే మాటగానే అన్నది.

ఉగాదికి కొత్త కాగితం తెచ్చింది. కిరాయి కొంచెం పెంచింది. ఈసారి నేను మెట్ల మీద కూర్చుని రెండు పేజీలూ చదివాను. ఆమె రెండుసార్లు లోపలికి పోయి వచ్చింది, విసుక్కున్నది, నేను ఆపలేదు. తొమ్మిదో షరతు అలాగే ఉంది. పోయినసారి అది అక్క గురించి అనుకుని చదివాను. ఇప్పుడు గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇచ్చోడ ఇంటికి తాళం వేసి ఉంది. నాకు జబ్బు చేస్తే ఎవరు కారు మాట్లాడతారో, ఎవరు తల పట్టుకుని ఎవరు పోస్తారో నాకు తెలియదు.

"సదివినవా?"

"సదివిన."

"ఏమన్న మార్చాల్నా?"

"ఏం లేదు."

పెన్ను ఇచ్చింది. ఈసారి సంతకానికి అంతసేపు పట్టలేదు.