కమలాపురం రోడ్డు మీద వాన

నేను ముప్పై ఒక్క ఏళ్లు మెరైన్ ఇన్సూరెన్సులో పనిచేశాను. కడపలో. నవ్వేవాళ్లు నవ్వండి, నాకు అలవాటే. మా పెదనాన్న కొడుకులు పెండ్లిలో కనబడినా, చావులో కనబడినా ఒకటే మాట: ఏమప్పా, పెన్నలో ఓడలేమన్నా మునిగినాయా అని. పెన్నలో మోకాలి లోతు నీళ్లుంటే గొప్ప. సముద్ర బీమా అన్నది పాతకాలపు పేరనీ, సరుకు ఓడలో పోయినా లారీలో పోయినా ఆ శాఖ కిందికే వస్తుందనీ చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. ఎర్రగుంట్ల సిమెంటు, నాపరాళ్లు, పత్తి బేళ్లు, వీటికి దారిలో ఏం కావచ్చో ముందే ఊహించి, దేనికి మేం పూచీ పడతామో దేనికి పడమో పాలసీలో రాయడం నా పని.

ఆ పనిలో నాకు గర్వం ఉండేది. ఇప్పుడు దాచి లాభం లేదు. అనుమానం ఉన్న కాగితం నా బల్ల దాటి పోదని ఆఫీసులో పేరు. ఎదురుగా కూర్చున్నవాడు అబద్ధమాడితే రెండు నిమిషాల్లో పట్టేస్తానని నేనే చెప్పుకునేవాణ్ని. కొత్తగా చేరినవాళ్లకు అదే పాఠం: అడిగినా అడగకపోయినా మనిషి తనకు తెలిసిందంతా చెప్పాలి, దాచాడా, పాలసీ చెల్లదు.

ఇరవై ఏళ్ల కిందటి మాట. ఎర్రగుంట్ల నుంచి రాయచోటికి పోయే లారీలో సిమెంటు బస్తాలు సగానికి సగం గడ్డకట్టి చేరాయి. కమలాపురం ఇవతల టైరు పగిలి రోడ్డు పక్కన ఆగామనీ, గంటసేపు వాన కొట్టిందనీ, పైన కప్పిన పట్ట చినిగి నీళ్లు దిగాయనీ డ్రైవరు చెప్పాడు. లారీ యజమాని నమ్మలేదు. మంచి బస్తాలు దారిలో అమ్ముకుని, ఎక్కడో గడ్డకట్టిన పాత బస్తాలు ఎక్కించాడని అతని ఆరోపణ.

క్లెయిములు చూసే ఆయన నష్టం లెక్కగట్టే సర్వేయరును పంపుదామన్నాడు. నేనే అడ్డుపడ్డాను. మా సొంతూరు ఆ రోడ్డుకు మైలు దూరం. లారీ ఆగింది శుక్రవారం. ముందురోజు గురువారం మా అన్న మనవడికి చెవులు కుట్టిస్తే పోయి, భోంచేసి, సాయంత్రానికి కడపకు తిరిగొచ్చాను. ఆకాశంలో దూదిపింజంత మబ్బు లేదు. అయినా పద్ధతి పద్ధతే కదా అని ఆఫీసు ఫోను నుంచి మా అన్నకు చేశాను. శుక్రవారం ఊర్లో వాన పడిందా అని అడిగాను. ఒక్క చుక్క గూడ పడల్యా అన్నాడు మా అన్న. అంతే, పెట్టేశాను.

ఆ డ్రైవరు మా ఆఫీసుకు వచ్చాడు. ముప్పై దాటి ఉండవు. బెంచీ మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"దుడ్లు మా ఓనరుకు ఇస్తారో ఇయ్యరో నాకు పన్ల్యా సార్. వాన పడిందని మాత్రం రాయండి. నన్ను దొంగంటాండారు" అన్నాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ నేల మీద పుట్టినవాణ్ని, నాకే వాన సంగతి చెప్తావా అని నలుగురిలో కడిగేశాను. వాడు తలొంచుకుని మెట్లు దిగి పోయాడు. తప్పు చేసినవాడు గనకే తలొంచుకున్నాడనుకున్నాను. ఫైలులో రెండు వాక్యాలు రాశాను: ఆ రోజు ఆ ప్రాంతంలో వర్షం లేదు. స్వయంగా విచారించాను. కింద సంతకం.

క్లెయిము కొట్టేశారు. డ్రైవరు పని పోయింది. ఎర్రగుంట్లలో ఏ లారీ యజమానీ అతనికి మళ్లీ తాళాలివ్వలేదని తర్వాత విన్నాను. విని, తగిన శాస్తి అయిందనుకున్నాను. అలా అనుకున్నది నేనే, ఇంకెవరో కాదు.

రిటైరయ్యాక కల్లూరులో ఇల్లు కట్టుకుని కర్నూలువాణ్ని అయిపోయాను. పోయిన ఎండాకాలం మా అన్నకు ఒంట్లో బాగాలేదంటే ఊరికి పోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం వసారాలో కూర్చున్నాం. మనవడి పెండ్లి మాటలు నడుస్తున్నాయి. మా వదిన వాడి చిన్నతనం తవ్వుతూ, చెవులు కుట్టిన మరుసటి రోజు మిద్దె మీద ఆరబోసిన నాలుగు శెనక్కాయలూ తడిసి ముద్దయ్యాయనీ, ఆ గంటలో పడినంత వాన తన జన్మలో చూడలేదనీ మామూలుగా చెప్పుకుపోతోంది.

నాకు ముందు అర్థం కాలేదు. ఏ రోజు వదినా అని మళ్లీ అడిగాను. చెవులు కుట్టినాక తెల్లారి, శుక్రవారం అంది. మా అన్న వైపు తిరిగాను. ఆయన గోడ వైపు చూస్తున్నాడు.

వదినే చెప్పింది, దాపరికమేమీ లేకుండా. కరువు మండలాల లిస్టు రాసుకునేదానికి ఆ వారమే ఆఫీసర్లు తిరుగుతున్నారట. ఏడాదంతా ఎండబెట్టి, పంట పోయాక ఆ ఒక్క గంట వాన. అది కాగితం మీదికి ఎక్కితే పరిహారం పోతుందని ఊరంతా ఒక మాట అనుకున్నారట, ఆఫీసు నుంచి ఎవరడిగినా పడలేదనాలని. ఊరు ఊరంతా ఆ మాట మీదే నిలబడిందట.

"నేను నీ తమ్మున్ని గదన్నా" అన్నాను.

"ఆఫీసు నుంచి చేసినావు గదప్పా" అన్నాడు మా అన్న. "ఎందుకడుగుతాండావో ఒక్క మాటన్నా చెప్పితివా? ఒకని బతుకని చెప్పింటే నేనట్ల అంటానా?"

నిజమే. నేను చెప్పలేదు. ముప్పై ఏళ్లు అందరినీ అన్నీ చెప్పమని వాయించినవాణ్ని, సొంత అన్నకు సంగతేమిటో చెప్పకుండా ఒక ప్రశ్న వేసి ఫోను పెట్టేశాను. మా వదిన మజ్జిగ తెచ్చిచ్చింది. ఆ గ్లాసు తాగకుండానే గోడవార పెట్టి లేచాను.

ఆ రాత్రి నిద్రపోలేదు. పొద్దున్నే తెల్లకాగితం మీద, ఫలానా శుక్రవారం కమలాపురం దగ్గర గంటసేపు భారీ వర్షం పడిందనీ, నా విచారణ తప్పనీ, డ్రైవరు చెప్పిందంతా నిజమనీ రాసి సంతకం చేశాను. ఎర్రగుంట్ల బస్సెక్కాను. లారీలవాళ్లను అడిగితే వెతుక్కునే పని లేకపోయింది. సిమెంటు దొంగ యాడుంటాడని ఒకతను పక్కవాణ్ని అడిగి దారి చూపించాడు. ఇరవై ఏళ్లయినా అదే పేరు.

లారీలు కడిగే షెడ్డులో ఉన్నాడు. తల నెరిసింది. పైపు చేతిలోనే ఉంది. నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు, సార్ అన్నాడు. నేను నిలబడే అంతా చెప్పాను. మా అన్న మాట, ఊరి మాట, నా సంతకం. మధ్యలో నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. అతను నీళ్లు కట్టేసి, చేతులు లుంగీకి తుడుచుకుని కాగితం తీసుకున్నాడు. మెల్లగా, ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివాడు. కోప్పడతాడని చూశాను. నాలుగు తిట్టినా బాగుండేది.

"నా పెండ్లాం గూడ నమ్మల్యా సార్" అన్నాడు. "ఎవురికి అమ్మినావో నాకన్నా చెప్పు, నాకన్నా చెప్పు అని అడుగుతానే ఉండె. పోయిన ఉగాది ముందర చచ్చిపాయ."

కాగితం మడతల మీదే మడిచి నాకు తిరిగి ఇచ్చాడు.

"ఇది ఇంగ ఎవురికి చూపించల్ల సార్?"