కోయొద్దన్న డాక్టరమ్మ

నిన్న మధ్యాహ్నం స్టీలు గిన్నె మూత తీసి కాస్త వంచాను. లోపలి నెత్తురు అంచుదాకా జారి వచ్చింది. నాకు మొదట భయం వేసింది ఆ క్షణంలోనే. ఉప్పు వేసి పక్కన పెట్టిన వేట నెత్తురు కాసేపటికే జున్నులా గడ్డకట్టాలి. పొద్దున కోసిన పొట్టేలుది, మధ్యాహ్నమైనా నల్లగా, పలచగా, తారు కలిపిన నీళ్ళలా కదులుతోంది. వాసన మామూలుగానే ఉంది. పక్కన సంచిలో ఉన్న మాంసం కూడా చూడడానికి బాగానే ఉంది. అయినా గిన్నెను గట్టు మీద పెట్టేసి, తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాను.

తెచ్చినవాడు మా మరిది శ్రీను. దర్శి దగ్గర మా అత్తగారి ఊళ్ళో పత్తి, మిరప వేస్తాడు, కొన్ని గొర్రెలు కూడా పెంచుతాడు. బ్రాడీపేటలోని మా ఇంటికి ఏనాడూ ఉత్త చేతులతో రాలేదు. పిల్లలిద్దరూ అప్పటికే అతని మెడకు వేలాడుతున్నారు. అత్తయ్య అల్లం వెల్లుల్లి నూరుతోంది. "ఏం తెచ్చావు శ్రీనూ!" అని అరవడానికి నోరు తెరిచి, మూసుకున్నాను. అలాంటప్పుడు అరవకూడదని నాకు నేర్పిన మనిషి గుర్తొచ్చారు.

ఆవిడ పేరు డాక్టర్ వసుంధర. పశువైద్యురాలు. మైక్రోబయాలజీలో డిగ్రీ అయ్యాక, పెళ్ళయ్యేదాకా నేను ఆవిడ దగ్గర ల్యాబ్‌లో పనిచేశాను. రోజూ తెల్లవారుజామున ఊరి చివరి కబేళాకు వెళ్ళి, కోతకు వచ్చిన జీవాలను ముందు ప్రాణంతో ఉండగా, ఆ తర్వాత మాంసంగా మారాక పరీక్షించి ముద్ర వేయడం ఆవిడ ఉద్యోగం. పొట్టి మనిషి. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకుని, ఫినాయిల్ నీళ్ళలో టపటపా నడిచి వచ్చేవారు. కోడిగుడ్డు కూడా ముట్టని ఇంట్లో పుట్టారు. కసాయి మస్తాన్‌కి అదెప్పుడూ వేళాకోళమే.

"జన్మలో ముక్క నోట పెట్టలేదు, మా ముక్కకి మార్కులెలా వేస్తారండీ మేడమ్?" అనేవాడు.

"పేపర్లు దిద్దే మాస్టారు ఆ పేపర్లు తింటాడేంటి మస్తాన్?" అనేవారు ఆవిడ.

మొదటి రోజు నన్ను గొర్రెల దొడ్డి దగ్గర నిలబెట్టారు. ఎంతసేపటికీ లోపలికి వెళ్ళరు, దేన్నీ ముట్టుకోరు, ఊరికే నిలబడి ఉన్నారు. "ఏం చూస్తున్నారు మేడమ్?" అని అడిగాను. "చూడడం లేదమ్మా, వింటున్నాను. వెనకాల ఒకటి మూలుగుతోంది, విన్నావా?" అన్నారు. నాకు గొర్రెల అరుపులు తప్ప ఏమీ వినిపించలేదు. ఆవిడ చెయ్యి చాపి చూపించిన గొర్రెను బయటికి లాగితే, ముక్కు వెంట చీమిడి, ఒళ్ళు కాలిపోయే జ్వరం. అన్ని గొంతుల మధ్య ఆ ఒక్క మూలుగు ఎలా పట్టుకున్నారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. గుళ్ళో నిలబడ్డప్పుడు కూడా నా ఒళ్ళు అంతగా జలదరించలేదు.

కోత అయ్యాక కాలేయాలను వరసగా పళ్ళెంలో పెట్టించి ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూసేవారు. ఒకసారి వాటిలో జలగల్లాంటి పురుగులు కనిపించాయి. ముద్ర వేయనన్నారు. అంతటితో పని అయిపోయిందనుకున్నాను. ఆవిడకు అప్పుడే మొదలైంది. "ఇవి ఏ ఊరి జీవాలు? ఏ చెరువు కింద మేశాయి?" అని అడిగి, ఆ ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేశారు. "ఈ పురుగు నత్తల్లోంచి వస్తుంది. మీ చెరువులో నత్తలు పెరిగాయి, చూసుకోండి, మిగతా మందలకి మందు తాగించండి" అన్నారు. ఆ చెరువును ఆవిడ ఎప్పుడూ చూడలేదు. గొర్రె కార్జంలో చూశారు, అంతే. పత్తి చేలల్లో మంద కట్టుకుంటూ ఈ మైదానమంతా తిరిగే జీవాలు, తాము తాగిన నీళ్ళ కబురూ మేసిన గడ్డి కబురూ మోసుకొచ్చి ఆవిడ ముందు పెట్టేవన్నమాట. మిగిలినవాళ్ళకు అది కబేళా. ఆవిడకు జిల్లా మొత్తం కనిపించే కిటికీ.

ఇక, నా మనసులోంచి చెరగని రోజు ఒకటుంది. వానలు వెలిసిన వారం. ఒక ఆటోలోంచి కోటయ్య అనే కాపరి గొర్రెలను దించుతుంటే, అడుగున ఒకటి చచ్చి ఉంది. ముక్కులోంచి గడ్డకట్టని నల్లటి నెత్తురు కారింది. కోటయ్య గాభరాపడి, ఎవరూ చూడకముందే గొంతు కోసేయాలని కత్తి తీశాడు. మా మెట్ట ఊళ్ళలో అదొక ఆచారం. జీవం తూలి పడబోతుంటే ప్రాణం ఉండగానే కత్తి పెడతారు. ప్రాణం పోయాక కోస్తే చచ్చినదాన్ని తిన్నట్టట, ఒక్క క్షణం ముందు కోస్తే వేట అట. ఆ ఒక్క క్షణం మీద ఎన్ని ఇళ్ళ కూరలు ఆధారపడి ఉన్నాయో!

"కోయొద్దు!" అన్నారు వసుంధర గారు. ఆవిడ గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. పరుగున వెళ్ళి గొర్రెకూ కత్తికీ మధ్య నిలబడ్డారు. రోజూ కోసి చూడడమే పనిగా ఉన్న మనిషి, ఆ రోజు దాని మీద గీత కూడా పడనివ్వలేదు. దొమ్మ రోగమైతే, అదే ఆంత్రాక్స్ అయితే, కోసిన చోటల్లా ఆ విషం నేలలోకి దిగి ఏళ్ళ తరబడి బతికే ఉంటుందని నాకు తర్వాత చెప్పారు. చేతులకు తొడుగులు వేసుకుని, చెవి కొస నుంచి ఒక్క బొట్టు మాత్రం గాజు పలక మీదకు తీసి నాకిచ్చారు. నీలి రంగు వేసి మైక్రోస్కోపులో చూశాను. వెదురు కణుపుల్లా వరసలు కట్టిన కడ్డీలు, వాటి చుట్టూ గులాబీ మసక. అందంగా ఉన్నాయి. దొమ్మ రోగమే.

ఆ రోజు కోత లేదన్నారు. ఆదివారం బేరం పోయిందని అందరూ కోటయ్య మీద పడ్డారు. "రోగాల గొర్రెను తెస్తావా రా!" అని ఒకడు చెయ్యెత్తాడు. డాక్టరమ్మ కోటయ్యను తన వెనక్కి లాక్కున్నారు.

"అతన్ని ఇవాళ తిడితే, రేపు చచ్చిన గొర్రె ఈ గేటు దాకా రాదు. మీ ఇంటి కూరలోకే వస్తుంది. కావాలా?" అన్నారు. ఎత్తిన చెయ్యి దిగింది. ఆవిడ కోటయ్య వైపు తిరిగి, సొంత తమ్ముణ్ణి అడిగినట్టు అడిగారు. "మందలో ఇంకేమైనా పోయాయా నాయనా? చెప్పు, నిన్నెవరూ ఏమీ అనరు." అప్పుడు అతను ఏడుస్తూ అన్నీ చెప్పాడు. ఎక్కడ మేపిందీ, ఎక్కడ ఒకటి పూడ్చిందీ, ఎవరికి ఒకటి అమ్మిందీ. తర్వాత ఆ మాటల వెంట వెళ్ళి ఆవిడ ఒక ఊరిని కాపాడారు. ఆ రోజు మాత్రం సున్నం పోసి గొర్రెను లోతుగా పూడ్చేదాకా ఎండలో బోర్లించిన తొట్టి మీద కూర్చుని కదలలేదు. మస్తాన్ టీ తెచ్చి, వేళాకోళమేమీ ఆడకుండా, చేతికిచ్చి వెళ్ళాడు.

వసుంధర గారు పోయిన ఏడాది పోయారు. నిన్న ఫోన్ చేసి అడగడానికి ఆవిడ లేరు. గట్టు మీద గిన్నె ఉంది, హాల్లో పిల్లల నవ్వులున్నాయి. నేను మంచినీళ్ళు తీసుకెళ్ళి శ్రీను పక్కన కూర్చున్నాను.

"పొట్టేలు బాగానే ఉండేదా శ్రీనూ? ఏమీ అనను, చెప్పు."

అతను గ్లాసు వైపే చూశాడు. "నిన్నంతా బాగానే ఉంది వదినా. పొద్దున ఉన్నట్టుండి తూలింది. దండగవుద్దని నేనే కోశాను. ఊళ్ళో పోగులేసి పంచుకున్నాం."

అతని చేతులు చూశాను. పత్తి తీసే చేతులు. ఎండు కాయల మొనలు తగిలి వేళ్ళనిండా గీతలు. ఆ రోగం మనుషులకు పట్టేది అలాంటి గీతల్లోంచే.

ఆ మాంసం వండొద్దన్నాను. అది విన్న అత్తయ్య వంటింట్లోంచే కేకేసింది. "ఉడికితే ఏ పురుగైనా చస్తుంది! నీ చదువు కూరలో కూడా పెడతావా?"

"కడిగే చేతులు ఉడకవు కదా అత్తయ్యా" అన్నాను. ఆవిడ రోలు వదిలి వచ్చి, పిల్లలను దగ్గరకు తీసుకుని కూర్చుంది.

శ్రీను వాళ్ళ ఊరి పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన వెంటనే బయల్దేరారు. మా ఇంట్లోని గిన్నె, సంచి ఇక్కడి పశువుల ఆసుపత్రి వాళ్ళు వచ్చి జాగ్రత్తగా తీసుకెళ్ళారు. అయితే ఊళ్ళో పోగులు ఎవరెవరి పొయ్యి మీద ఉన్నాయో తెలిసినవాడు శ్రీను ఒక్కడే. ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాడు. "నా పేరు చెప్తే ఊళ్ళో నన్ను బతకనిస్తారా వదినా?" అన్నాడు. "నువ్వు ముందు చెప్పావు కాబట్టే వాళ్ళు బతుకుతారు" అన్నాను. అతను మొదటి నంబరు నొక్కాడు. "ఒరేయ్ సుబ్బయ్యా, ఆ కూర దించెయ్ రా... తిట్టు, తర్వాత తిట్టు, ముందు దించు." అలా ఇంటింటికీ. ప్రతి ఇంట్లోనూ తిట్లు తిన్నాడు. తర్వాత మా ఆయనతో ఆసుపత్రికి వెళ్ళాడు.

ఈ ఉదయం ఊరి డాక్టరు ఫోన్ చేశారు. గాజు పలక మీద ఆ కడ్డీలే కనిపించాయట. పెద్ద ల్యాబ్ నుంచి ఖాయంగా తెలియాలి. మాంసం ముట్టుకున్న వాళ్ళందరికీ మందులు ఇస్తున్నారు, మిగతా మందలకు టీకాలు మొదలుపెట్టారు. శ్రీను త్వరగా వచ్చాడు కాబట్టి భయం లేదని ఇక్కడి డాక్టర్లు చెప్పారు. భయం లేదన్న మాట నేను ఎవరు చెప్పినా ఒక పట్టాన నమ్మను. అందుకే పిల్లలు నిద్రపోయాక ఇలా రాస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ విన్న మూలుగు నాకు ఎప్పటికీ వినిపించదు. ఆవిడ అడిగిన తీరు మాత్రం నా నోటికి వచ్చింది.

ఇవాళ పొద్దున జడ వేస్తుంటే మా పెద్దది అడిగింది. "అమ్మా, బాబాయి మనకి చెడ్డ మాంసం తెచ్చాడా?" చిన్నవాడు కూడా పాలగ్లాసు దించి నా వైపు చూశాడు.

"బాబాయి ఇష్టంతో తెచ్చాడమ్మా. గొర్రెకి జబ్బు చేసింది, ఆయనకి తెలియలేదు" అన్నాను. "బడిలో ఎవరైనా అడిగితే దాచకండి. మా బాబాయి తన పొట్టేలుకి జబ్బుందని ఊళ్ళో ప్రతి ఇంటికీ తనే ఫోన్ చేసి చెప్పాడని చెప్పండి."