సర్వపిండి మూకుడులో మామిడి కాబ్లర్

మా ఎదురింటి పెద్దమ్మ మెడలో తులసిమాల ఉంటుంది. మాల వేసుకున్నాక ఆవిడ నీసు మానేయడమే కాదు, నీసు వండిన గిన్నెలో వండినదేదీ ముట్టదు. మేమేమో కోస్తా నుంచి నల్లగండ్లకు వచ్చిన క్రైస్తవులం. చేపల వేపుడు లేకపోతే మావారికి ఆదివారం ఆదివారంలా ఉండదు.

వేసవికి ముందు నేను జ్వరంతో మంచం పట్టినప్పుడు రోజూ వచ్చి జావ తాగించింది ఆవిడే. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదని మా అమ్మ నేర్పింది. నేను బడికి పోలేదు. అక్షరాలూ, వంటా, ప్రార్థనా అన్నీ అమ్మ దగ్గరే. అందుకని గిన్నె కడిగి అరటిపళ్లో, చక్కెరో పెట్టి ఇచ్చేదాన్ని. కానీ ఒక్కసారి నా చేత్తో వండింది ఆవిడ తింటుంటే చూడాలని ఉండేది. ఇంత చిన్న సంగతి దేవుణ్ణి అడగొచ్చా అనుకుంటూనే అడిగాను.

మామిడిపళ్లు వచ్చాయి. పళ్లముక్కలతో చేసే కేకులాంటి కాబ్లర్‌కు గుడ్డు అక్కర్లేదని ఫోన్లో చూసి, చేసి పెడతానని ఆవిడకు చెప్పొచ్చాను.

“గుడ్డు లేకుంట కేకు గెట్లయితది? మీరు చారుల గూడ ఏస్తరు గద బిడ్డా,” అని నవ్వింది. సరే, తింటానంది.

ఇంటికొచ్చి నా ఇనుప మూకుడు చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది, ఇన్నేళ్లూ చేపలు వేగింది అందులోనేనని. ఎంత తోమినా అది ఆ మూకుడే. చెప్పకపోతే ఆవిడకు తెలియదు. కానీ అలా పెడితే అది పెట్టినట్టా? మళ్లీ వెళ్లాను.

“పెద్దమ్మగారూ, నా మూకుడులో చేపలు వేపుతానండి.”

ఇక లేనట్టే అనుకొని వెనక్కి తిరిగాను.

“జర ఆగు,” అని లోపలికి వెళ్లింది. బియ్యప్పిండిలో నువ్వులు వేసి సర్వపిండి కాల్చుకునే తన ఇనుప మూకుడూ, పిండి కలపడానికి ఒక గిన్నే, గరిటే పట్టుకొని నాతోపాటే వచ్చింది.

మూకుడు నా చిన్న ఓవెన్‌లో ఎలాగో పట్టింది. అందులో వెన్న కరిగించి, మైదా, చక్కెర, పాలు, కాస్త బేకింగ్ పౌడర్ కలిపిన జారుడు పిండి పోసి, మీద బంగినపల్లి ముక్కలు పరిచాను. కలపకూడదు. ముక్కలు కిందికి దిగితే పిండి దానంతటదే పైకి పొంగుతుంది. ఆవిడ ఓవెన్ అద్దం ముందు కుర్చీ వేసుకొని, అంచులు ఎర్రబడేదాకా కదల్లేదు.

తినే ముందు నేను కళ్లు మూసుకొని స్తోత్రం చెప్పుకున్నాను. ఆవిడ మాల పట్టుకొని తన పాండురంగణ్ణి తలుచుకుంది. ఒక చెంచా తింది, మరొకటి తింది. మూకుడు అంచున అంటుకున్న పెచ్చు గీకి, నాకూ కాస్త పెట్టింది. దానికి లీలగా నువ్వుల వాసన ఉంది.

సాయంత్రం మూకుడు తోమి, నాలుగు మామిడిపళ్లు పెట్టి తీసుకెళ్లాను. పళ్లు తీసుకొని మూకుడు నా వైపే జరిపింది.

“నీ తాననే ఉండనీ. మళ్ల చేస్తవ్ గద.”

అది మా వంటింట్లో వేరే మేకుకు వేలాడుతోంది. చేపలు వేపే రోజున మాత్రం తీసి పైఅరలో పెడతాను.