లేని సూది కోసం కాచుకున్న ఇల్లు

మా అక్కది బోదకాలు. తిరుత్తణి చుట్టుపక్కల పల్లెల్లో దాన్ని తలరాత అనేవారు. మురుగ్గుంట పూడ్చమంటే కదలని పెద్దమనుషులు ఆ మాట మాత్రం ఎంతో దయగా అనేవారు.

ఎనభైల మొదట్లో అక్క కూతురికి చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్లలు కట్టాయి. తన కాలు కూడా అలాగే మొదలైందని అక్క బెదిరిపోయింది. పిల్లను తిరువళ్లూరులో ఒక డాక్టరుకు చూపించాను. రక్తంలో బోదకాలు పురుగు పిల్లలున్నాయని చెప్పి ఆయన మాత్రలిచ్చాడు. మింగాక పురుగులు చచ్చేటప్పుడు జ్వరం రావచ్చని, భయపడి మానొద్దని చెప్పాడు.

"మశూచికి వేసినట్టు దీనికి టీకా లేదా సార్?"

"మశూచి ఒకసారి వచ్చి పోతే ఒళ్లు దాన్ని మరిచిపోదు. టీకా ఆ పాఠాన్నే ముందుగా నేర్పుతుంది. ఈ పురుగు ఒంట్లోనే ఏళ్లతరబడి కాపురముంటుంది. ఒంటి కాపలా దాన్ని పట్టుకోలేదు. ఎలా పట్టించాలో ఇంకా తెలియదు. వెతికేవాళ్లూ తక్కువే."

"ఎందుకు తక్కువ?"

"ఎవరికొస్తుందో చూడండి."

బస్సులో అక్కావాళ్ల ఇంటికొచ్చేదాకా ఆ మాట నన్ను కాలుస్తూనే ఉంది.

ఇంటికొస్తే బావ దారి అడ్డుకున్నాడు. ఆడికృత్తిక పండగకు పిల్లచేత కావడి ఎత్తించి, తిరుత్తణి కొండమీద శామి హుండీలో వెండికాలు వేయిస్తానని మొక్కి, మేము తిరువళ్లూరు వెళ్లకముందే దాని చేతికి కంకణం కట్టించాడు.

"కంకణం కట్టినాక మందు మింగకూడదు. ఇది మా ఇంటి కట్టు."

"ఏ శామి చెప్పినాడు బావా?"

"సభల్లో మైకు ముందర అరిచినట్టు నా ఇంట్లో అరవొద్దు. దీనికీ ఊశి కనిపెడతా ఉండారని పేపర్లో ఏసినారంట. సర్కారోళ్లు ఆ సూది తెస్తే మేమే చెయ్యి చాపుతాము. అందాక తణిగై కొండ శామి ఉండాడు."

"మశూచి సూదోళ్లు వచ్చిన పొద్దు నువ్వు యాడుంటివి? గడ్డివామి ఎనకాల! ఉన్న సూదిని చూసి పారిపోయినోడివి, లేని సూదికి చెయ్యి చాపుతావా?"

పక్కింటివాళ్లు పకపకా నవ్వారు. బావ ముఖం కందిపోయింది. నా వాదం గెలిచింది. పిల్లకు మాత్ర మాత్రం అందలేదు.

మర్నాడు అక్క ఎవరికీ చెప్పకుండా అన్నంతోపాటు మాత్ర మింగించింది. సాయంత్రానికి జ్వరం కాసి, మాత్ర సంగతి బయటపడింది. "శామికి కోపమొచ్చింది, సూడండి!" అంటూ బావ మాత్రల పొట్లం పేడదిబ్బలో విసిరేశాడు. డాక్టరు చెప్పింది చెప్పినట్టు జరిగితే దాన్నే దేవుడి సాక్ష్యం చేశాడు ఆ మహానుభావుడు!

అప్పుడు అక్క పంచలోకి వచ్చింది. ఎప్పుడూ కొంగుతోనో కుచ్చెళ్లతోనో దాచుకునే కాలును, చీర మోకాలిదాకా ఎత్తి, మొగుడి ముందు, ఇరుగుపొరుగు ముందు పెట్టింది.

"బాగా సూడండి. ఏటేటా కొండ మెట్లు ఎక్కినాది ఈ కాలు. దీనికీ వెండికాలు ఏస్తిమి. ఒక్క ఏలంతన్నా తగ్గిందా?"

ఆమె కొడవలి తెచ్చి కూతురి కంకణం కోసేసింది.

"దోషమొస్తే నా రెండో కాలికి రానీ. తమ్ముడూ, తిరువళ్లూరు పొయ్యి మళ్లీ మాత్రలు తీసుకోని రా."

తెచ్చాను. పిల్ల అన్నీ మింగింది. బావ కావడి తానే ఎత్తుకుని కొండకు పోయి వెండికాలు వేసొచ్చాడు.

ఆ పిల్ల కాలు వాయలేదు. వెండికాలి మహిమేనని బావ ఊరంతా చెప్పుకున్నాడు. మాత్రల వల్లేనని నేనూ ఒట్టేయను. ఒక్క పిల్లను చూసి తేల్చే సంగతి కాదది. కానీ పేదవాడి ఒంట్లో పురుగు కాపురముంటే దానికి టీకా వెతకడానికి లోకానికి తీరిక దొరకదని మాత్రం ఒట్టేసి చెప్పగలను.

ఒకరోజు అక్క అడిగింది: "ఆ ఊశి ఎప్పుడన్నా వస్తాదా తమ్ముడూ?"

సభల్లో ఏ ప్రశ్నకూ తడుముకోనివాణ్ని, ఆమె కాలు చూస్తూ "తెలీదక్కా" అన్నాను.