ఐదు గంటల దోవ

గంగాదేవి కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. పుట్టింది కుప్పం దగ్గర గుడుపల్లెలో. తల్లీతండ్రీ చిన్నప్పుడే పోతే అక్క రామక్కే పెంచింది. కురబలకోట పక్కనున్న మా ఊరికి కాపురానికి వస్తూ చెల్లెల్ని కూడా చంకనేసుకొని వచ్చింది. అత్తగారు ఎన్ని దెప్పినా వదల్లేదు. పక్కింటిదాన్ని, అంతా నా కళ్లముందే జరిగింది. గుడుపల్లెలో వాళ్లకిప్పుడు మొండిగోడ కూడా లేదు. రామక్కకు పుట్టిల్లంటే గంగాదేవే.

మొన్న మాఘమాసంలో ఒక పొద్దున రామక్క గుండె ఆగి పోయింది. మొగుడు ఏనాడో పోయాడు, పిల్లల్లేరు. ఇంటి పెత్తనమంతా మరిది మునిరాజది. మా వైపు ఆడమనిషి పోతే పుట్టింటి చీర కప్పందే ఎత్తరు. అందుకని గంగాదేవికి ఫోన్ చేశాడు.

"పాస్‌పోర్టు యజమాని కాడ ఉండాది బావా. ఆయన సాయంత్రం గానీ రాడు. రేపు మధ్యాన్నానికి వచ్చేస్తా. మా అక్కకు చీర నేనే కప్పాల. అందాకా ఎత్తొద్దు బావా" అని ఏడ్చింది. స్పీకర్లో అందరం విన్నాం.

మునిరాజ ఫోన్లో ఏదో నొక్కి పెద్దమనుషుల ముందు పెట్టాడు. "కువైట్ నుంచి బెంగుళూరికి మూడున్నర వేల కిలోమీటర్లు. విమానంలో ఐదు గంటలు. ఈడ రాసుండాది సూడండప్పా. ఐదు గంటల దోవకు రేపటిదాకా యాల? రాను మనసు లేక సాకులు సెప్తాండాది."

నాకు ఒళ్లు మండిపోయింది. పుంగనూరు సంతకు బస్సులో గంట దూరం. అక్కడికి గొర్రెలు తోలడానికి ముందురోజు నుంచే ఇల్లు పీకి పందిరేసే మనిషి ఇతను. బండి దొరకాలి, గొర్రెలు ఎక్కాలి అంటాడే, విమానానికి మాత్రం టికెట్ దొరకొద్దా? బెంగుళూరులో దిగితే సరా, మదనపల్లె దాకా రోడ్డున రావద్దా?

"మదనపల్లె నుంచి ఫ్రీజర్ పెట్టె తెప్పించప్పా. ఒక్క రాత్రే కదా" అన్నాను.

"మా ఇంటి సంగతి నీకెందుకమ్మా?" అన్నాడు.

పెద్దమనుషులు ఫోన్ వంక చూశారు గానీ నా వంక చూడలేదు. వాళ్ల పెద్దరికం తగలెయ్య! మధ్యాహ్నం దాటగానే ఐదు గంటలూ అయిపోయాయన్నాడు. అంగడి చీర ఒకటి తెప్పించి, పొద్దుండగానే పూడ్పించేశాడు.

మర్నాడు మధ్యాహ్నం, చెప్పిన వేళకే, గంగాదేవి కారు దిగింది. అక్క కోసం ఎప్పుడో కొని దాచుకున్న పచ్చచీర చేతిలో ఉంది. కడిగేసిన వసారా చూసి నిలబడిపోయింది.

"అక్క యాడ?"

మునిరాజ మళ్లీ ఫోన్ చాపాడు. "ఐదు గంటలే అని ఈడ రాసుండాది. నువ్వు రావనుకున్యాం."

పుట్టి బుద్ధెరిగాక అతన్ని బావా అని తప్ప పిలవని మనిషి. ఆ రోజు పేరు పెట్టి పిలిచింది.

"మునిరాజా, ఆ ఫోన్లోనే సూసి సెప్పు. ఈడ నుంచి మా అక్క కాడికి ఎన్ని గంటలు?"

మునిరాజ చెయ్యి కిందికి దిగింది.

నేనే గంగాదేవిని వెంటబెట్టుకొని పోయాను. ఆరని మట్టి మీద చీర పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా రాళ్లు పెట్టింది. ఆ ఇంటి మంచినీళ్లు కూడా ముట్టకుండా వచ్చిన కారే ఎక్కింది.