గడ్డిలో మాగిన చిన్న రసాలు

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్ పక్కన పర్యావరణాన్ని కాపాడే దుకాణమొకటి తెరిచారు. అట్టపెట్టెలో గుప్పెడు వరిగడ్డి, దాని మీద ఆరు చిన్న రసాలు, పైన చుట్టిన ప్లాస్టిక్ కవరు. వీళ్ళు కాపాడే భూమి ఇదన్నమాట.

మన నూజివీడు వాళ్ళకి గుర్తుందా? మంచాల కింద గడ్డి పరిచి కాయలు మాగేసేవాళ్ళు. దుప్పట్లకి కూడా ఆ వాసనే. కాయ నొక్కి చూస్తే మా నాయనమ్మ చేతి మీద ఒక్కటిచ్చేది. పళ్ళు మనకి, గడ్డి గేదెకి. దానికో బోర్డు కట్టాలని ఎవరికీ తోచలేదు.

దుకాణంలో అమ్మాయి నాకే పాఠం మొదలుపెట్టింది. "కార్బైడ్ పెట్టినవి కాదు మేడం. అలా విషం పెట్టి అమ్మేవాళ్ళు అసలు మనుషులేనా అండీ?"

పర్సు తీసి డబ్బులిచ్చాను. నూజివీడులో మాది మామిడికాయల కొట్టు. హైదరాబాద్ లారీ ఎక్కే ప్రతి పెట్టెలో నాన్న కార్బైడ్ పొట్లం పెట్టించేవారు. "ఆ కాయ మాత్రం నా గుమ్మం దాటి లోపలికి రాకూడదురా" అనేది నాయనమ్మ. పాత పేపర్లు చింపి ఆ పొట్లాలు కట్టింది నేనూ, అక్కా.

"మీదే ఊరు మేడం?" అంది, పెట్టె చేతికిస్తూ.

విజయవాడ అని చెప్పాను.